ఎవరినీ అడగక్కర్లేని బొమ్మ: సొంత పీఎన్‌జీ డీకోడర్ డైరీ

మొదటి రోజు

పీఎన్‌జీ బొమ్మలు రోజూ చూస్తూనే ఉంటాను. ఆ ఫైల్ లోపల ఏముందో మాత్రం ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఈసారి చూద్దామని కూర్చున్నాను. వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ లైబ్రరీ ఏదీ వాడకుండా, ఫార్మాట్ నియమాలన్నీ రాసిన పత్రం (స్పెసిఫికేషన్) ఒక్కటే ముందు పెట్టుకుని, జావాస్క్రిప్ట్‌లో సొంతంగా డీకోడర్, అంటే ఫైల్‌లోని బైట్లను విప్పి బొమ్మగా మార్చే ప్రోగ్రాం, రాయాలి. పేజీలో ఎడమవైపు నా కోడ్ గీసిన బొమ్మ, కుడివైపు అదే ఫైల్‌ను బ్రౌజర్ గీసిన బొమ్మ. రెండూ ప్రతి పిక్సెల్‌లోనూ ఒకటయ్యే దాకా పని అయినట్టు కాదు.

ఈ ఫార్మాట్‌నే ఎంచుకోవడానికి కారణముంది. గిఫ్ ఫైళ్లు 1987 నుంచీ అందరి చేతుల్లోనూ తిరుగుతున్నాయి. వాటిని కుదించే ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతి మీద 1985లోనే అమెరికాలో పేటెంట్ వచ్చింది. ఆ పద్ధతికి రూపమిచ్చినవాళ్లలో ఒకరైన టెర్రీ వెల్చ్ పనిచేసిన స్పెర్రీ సంస్థది అది, ఆ తర్వాత యూనిసిస్ చేతికి వచ్చింది. 1994 డిసెంబరు 28న యూనిసిస్, గిఫ్‌ను తయారుచేసిన కంప్యూసర్వ్ ఒక ప్రకటన చేశాయి: గిఫ్‌ను వాడే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు ఇకపై లైసెన్సు తీసుకుని రుసుము కట్టాలి. వారం తిరిగేసరికి, 1995 జనవరి 4న, థామస్ బౌటెల్ కొత్త ఫార్మాట్ ముసాయిదా ఒకటి అందరి ముందూ పెట్టాడు. చాలామంది దాని మీద పడి వాదించుకుని, దిద్దుకుని, 1996 అక్టోబరు 1కల్లా దాన్ని పీఎన్‌జీ పేరుతో, వెబ్ ప్రమాణాలు చూసే సంస్థ డబ్ల్యూ3సీ సిఫార్సుగా నిలబెట్టారు.

ఎవరైనా, ఎవరినీ అడగకుండా దీన్ని రాసుకోవచ్చు. వాళ్లు ఇచ్చిన మాట అదే. నాకు తెలుసుకోవాలనిపించింది కూడా అదే: ఫీజు లేకపోవడం సరే, ఆ పత్రం చదివి ఒక్క మనిషి దీన్ని నిజంగా పూర్తి చేయగలడా?

ఈరోజు పని మొదటి ఎనిమిది బైట్లు. 137, 80, 78, 71, 13, 10, 26, 10. ప్రతి పీఎన్‌జీ ఫైల్ ఇలాగే మొదలవుతుంది. 80, 78, 71 అంటే పీ, ఎన్, జీ అక్షరాలు. మిగతా అంకెలు ఎందుకో చదివాక చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. 137 ఎందుకంటే, ఏడు బిట్లే పంపే పాత లైన్ మీద ఫైల్ వెళ్తే పై బిట్ పోయి అది 9 అవుతుంది, నష్టం వెంటనే తెలిసిపోతుంది. 13, 10 జంట, చివరి 10 ఎందుకంటే, ఫైల్‌ను టెక్స్ట్ అనుకుని ఎవరైనా లైన్ ముగింపులు మార్చేస్తే ఇక్కడే పట్టుబడుతుంది. 26 ఉన్నది పాత డాస్ కంప్యూటర్లలో ఫైల్‌ను తెర మీద టైప్ చేయబోతే అక్కడితో ఆగిపోవడానికి. ఎనిమిది బైట్లలో ఇన్ని జాగ్రత్తలు పెట్టినవాళ్లు, ఫైళ్లు దారిలో పాడైపోవడం కళ్లారా చూసినవాళ్లే అయుండాలి.

రెండో రోజు

ఆ ఎనిమిది బైట్ల తర్వాత ఫైల్ అంతా చంకులే, అంటే ముక్కలే. ముందు నాలుగు బైట్లలో పొడవు, తర్వాత నాలుగు అక్షరాల పేరు, తర్వాత డేటా, చివర నాలుగు బైట్ల సీఆర్‌సీ, అంటే ముక్క దారిలో చెడిందో లేదో తేల్చే లెక్క. చదవడానికి పది నిమిషాల కోడ్. మొదటి చంక్ ఐహెచ్‌డీఆర్, అందులో పదమూడు బైట్లు: వెడల్పు, ఎత్తు, బిట్ డెప్త్ (ఒక్కో అంకెకు ఎన్ని బిట్లో), రంగు రకం, ఇంకో మూడు చిన్న సూచికలు.

పేరులోని ప్రతి ఇంగ్లీషు అక్షరమూ చిన్నదా (a) పెద్దదా (A) అన్నదానికి ఒక అర్థం ఉంది. మొదటి అక్షరం పెద్దదైతే ఆ చంక్ తెలియకుండా బొమ్మ గీయకూడదు. చిన్నదైతే, తెలియకపోయినా దాటేసి ముందుకు వెళ్లొచ్చు. ఇంత చిన్న ఏర్పాటు ఎంత పనికొస్తుందో నాకు రెండు వారాల తర్వాత గానీ అర్థం కాలేదు.

సీఆర్‌సీ దగ్గర ఒక పూట పోయింది. 3988292384 అనే స్థిర సంఖ్యతో (పాలినామియల్ అంటారు) పట్టిక కట్టుకోవాలి, బిట్లన్నీ ఒకట్లతో మొదలుపెట్టి చివర్లో ఒకట్లను సున్నాలుగా, సున్నాలను ఒకట్లుగా తిప్పేయాలి. సరిచూసుకోవడానికి ఒక తేలికైన దారి ఉంది. 1 నుంచి 9 వరకు అంకెల అక్షరాలు వరసగా ఇస్తే జవాబు 3421780262 రావాలి. నాకు మైనస్ 873187034 వచ్చింది. లెక్క మొత్తం తప్పనుకుని పట్టిక మళ్లీ కట్టాను. మళ్లీ అదే. తప్పు లెక్కలో లేదు. జావాస్క్రిప్ట్ బిట్ ఆపరేషన్లు ఫలితాన్ని సైన్ ఉన్న, అంటే మైనస్ కూడా కాగల, 32 బిట్ల సంఖ్యగా చూపిస్తాయి. చివర్లో సున్నా స్థానాలు కుడికి జరిపే మూడు బాణాల గుర్తు పెడితే సరైన అంకె వచ్చింది. ఫైల్ ముగింపు చంక్ ఐఎండ్‌లో డేటా ఏమీ ఉండదు కాబట్టి దాని సీఆర్‌సీ ఎప్పుడూ ఒకటే: 174, 66, 96, 130. అది కూడా కలిశాక ఆ రోజుకి మూసేశాను.

సీఆర్‌సీ లెక్కలోకి చంక్ పేరు వస్తుంది, పొడవు రాదు. మొదట నేను పొడవు కూడా కలిపేశాను. మీరు రాస్తే ఇది గుర్తుంచుకోండి.

మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా

ఈ నాలుగు రోజులూ డీఫ్లేట్‌తోనే, అంటే పీఎన్‌జీ డేటాను కుదించే పద్ధతితోనే, గడిచాయి. ఈ ప్రాజెక్టుకు గుండె అదే. ఇప్పటి బ్రౌజర్లలో కుదించిన డేటాను విప్పే సౌకర్యం సిద్ధంగానే ఉంది, ఒక్క పిలుపుతో పని అయిపోతుంది. కానీ గిఫ్‌కీ పీఎన్‌జీకీ మధ్య గొడవ వచ్చిందే కంప్రెషన్ దగ్గర. దాన్ని వేరేవాళ్ల కోడ్‌కి వదిలేస్తే నేను వేసుకున్న ప్రశ్నకు జవాబు దొరకదు.

డీఫ్లేట్ ఫిల్ కాట్జ్ జిప్ ప్రోగ్రాం కోసం రూపొందించిన పద్ధతి. అందులో రెండు పనులు. ఇంతకుముందు వచ్చిన బైట్ల వరుస మళ్లీ వస్తే, 'ఇన్ని బైట్లు వెనక్కి వెళ్లి ఇంత పొడవు తెచ్చుకో' అని చెప్పడం మొదటిది. వెనక్కి 32768 బైట్ల దాకా వెళ్లొచ్చు, పొడవు 3 నుంచి 258 దాకా. ఇలా వచ్చిన గుర్తులకు, తరచుగా వచ్చేవాటికి చిన్న కోడ్, అరుదుగా వచ్చేవాటికి పెద్ద కోడ్ ఇవ్వడం రెండోది. దాన్ని హఫ్‌మన్ కోడింగ్ అంటారు.

మొదటి చిక్కు బిట్ల వరుస. మామూలు అంకెలు చిన్న బిట్ ముందుగా వస్తాయి. హఫ్‌మన్ కోడ్‌లు మాత్రం పెద్ద బిట్ ముందుగా వస్తాయి. రెండూ ఒకే ప్రవాహంలో కలిసే ఉంటాయి. స్పెసిఫికేషన్‌లో ఇది స్పష్టంగా రాసుంది. నేనే ఆ పేరా గబగబా దాటేశాను. ఒక రోజంతా చెత్త అంకెలు చూశాక వెనక్కి వెళ్లి చదివాను.

రెండోది ఇంకా లోతుగా దాక్కుంది. డైనమిక్ బ్లాక్‌లో, అంటే తన కోడ్‌లను తనతోనే తెచ్చుకునే డేటా ముక్కలో, కోడ్‌ల పొడవుల జాబితాలు రెండుంటాయి, ఒకటి అక్షరాలకూ పొడవులకూ, ఇంకొకటి దూరాలకు. 'ముందున్న పొడవే మళ్లీ ఇన్నిసార్లు' అని చెప్పే గుర్తు మొదటి జాబితా చివర మొదలై రెండో జాబితాలోకి దాటొచ్చు. నేను రెండిటినీ వేర్వేరుగా చదివాను. చాలా ఫైళ్లు బాగానే తెరుచుకున్నాయి, కొన్ని మాత్రం మధ్యలో కూలిపోయాయి. అన్నీ చెడితే ఎక్కడో ఒకచోట వెతకొచ్చు. కొన్నే చెడితే అసలు టెన్షన్. చివరికి రెండు జాబితాలనూ ఒకే వరుసగా చదివి ఆ తర్వాత విడదీస్తే అన్నీ తెరుచుకున్నాయి.

మూడోది నాకు బాగా నచ్చిన తప్పు. దూరం 1, పొడవు 258 అని వచ్చిందనుకోండి. ఒక్క బైట్ వెనక్కి వెళ్లి 258 బైట్లు తేవాలి, అక్కడ ఉన్నదేమో ఒక్కటే. నేను ముక్కను ఒక్కసారిగా కాపీ చేసే ఫంక్షన్ వాడాను, మిగతా 257 చోట్లా సున్నాలు పడ్డాయి. అసలు ఉద్దేశం వేరు. ఒక్కో బైట్ కాపీ చేస్తూ పోతే, ఇప్పుడే రాసిన బైట్ తర్వాతి కాపీకి మూలం అవుతుంది. ఒకే రంగు పరుచుకున్న పెద్ద గోడ లాంటి బొమ్మ అంత చిన్నగా కుదిరేది ఈ కిటుకు వల్లే.

చివర్లో ఆడ్లర్ 32 అనే చెక్‌సమ్, ఇది కూడా డేటా చెడిందో లేదో చూసే లెక్కే. 65521తో భాగించగా వచ్చే శేషాల లెక్క. డీఫ్లేట్ లైబ్రరీ జీలిబ్‌ను రాసిన ఇద్దరిలో ఒకరైన మార్క్ ఆడ్లర్ పేరే దానికి వచ్చింది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

డీఫ్లేట్‌ను వివరించే ఆర్‌ఎఫ్‌సీ 1951 అనే పత్రంలో ఒక చోట రచయితలు ప్రత్యేకంగా చెబుతారు: కంప్రెషన్ పద్ధతుల్లో పేటెంట్లున్నవి చాలా ఉన్నాయి, కాబట్టి కుదించే ప్రోగ్రాం రాసేవాళ్లు ఇక్కడ వివరించిన దారిలోనే నడవడం మంచిది, దాని మీద పేటెంట్ లేదని తెలుసు అని. ముళ్లున్న తోటలో నడవడానికి వీలున్న బాట ఇదీ అని వేలు పట్టి చూపించినట్టుంది. ఇలాంటి వాక్యం ఒక సాంకేతిక పత్రంలో చదువుతానని అనుకోలేదు.

ఏడో రోజు

డేటా విప్పితే వచ్చేవి పిక్సెల్స్ కావు. ప్రతి వరుస ముందూ ఒక బైట్ ఉంటుంది, ఆ వరుసకు ఏ ఫిల్టర్ వాడారో చెబుతూ. ఫిల్టర్ అంటే పక్కనున్న అంకెతో తేడా రాయడమే. 100, 102, 104, 106 అనే వరుస సబ్ ఫిల్టర్‌లో 100, 2, 2, 2 అవుతుంది. ఒకే అంకె మళ్లీ మళ్లీ వస్తే డీఫ్లేట్‌కు పండగే. అప్ ఫిల్టర్ పై వరుసతో తేడా తీస్తుంది, యావరేజ్ ఎడమ, పై అంకెల సగటుతో, పేత్ అన్నిటికన్నా తెలివిగా. ఏ ఫిల్టరూ లేని వరుసలూ ఉంటాయి.

ఈరోజు తెర మీద మొదటిసారి ఏదో కనిపించింది. ఎడమ అంచున సరైన రంగులు, కుడికి వెళ్లేకొద్దీ తెల్లబారిపోయిన బొమ్మ. కంప్రెషన్‌లో ఏదో మిగిలిపోయిందనుకుని ఆ నాలుగు రోజుల కోడ్ మళ్లీ తిరగేశాను. తప్పు అక్కడ లేదు. నేను తేడాలు కలిపిన ఫలితాన్ని నేరుగా కాన్వాస్ (పేజీలో బొమ్మ గీసే చోటు) ఇచ్చే అర్రేలో, అంటే అంకెల వరుసలో, రాస్తున్నాను. ఆ అర్రే 255 దాటిన అంకెను 255 దగ్గరే ఆపేస్తుంది. పీఎన్‌జీకి కావాల్సింది 255 దాటితే చుట్టూ తిరిగి మళ్లీ సున్నా నుంచి మొదలయ్యే లెక్క. మైనస్ 1 తేడా ఫైల్‌లో 255గా ఉంటుంది. 200కి 255 కలిపితే 199 రావాలి, నాకు 255 వస్తోంది. ఒక్కసారి తెలుపు పడితే ఇక వరుస చివరి దాకా తెలుపే. మామూలు బైట్ అర్రేలో లెక్క చేసి, తర్వాత కాన్వాస్‌కు కాపీ చేశాను. బొమ్మ వచ్చింది, పూర్తిగా, అన్ని రంగులతో. కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

ఎనిమిదో రోజు

ఇవాళంతా పేత్ ఫిల్టర్‌ను అర్థం చేసుకోవడమే. అలన్ పేత్ పేరు మీద వచ్చింది. ఎడమ అంకెకు పై అంకె కలిపి, ఎడమ పై మూలనున్న అంకె తీసేస్తే ఒక అంచనా వస్తుంది. ఆ అంచనాకు మూడింటిలో ఏది దగ్గరో దాన్నే వాడతాం. ఎడమ 50, పైన 60, మూల 40 అనుకుంటే అంచనా 70. దానికి దగ్గరున్నది 60, కాబట్టి పై అంకె. రెండు సమాన దూరంలో ఉంటే ముందు ఎడమ, తర్వాత పైన, తర్వాత మూల. ఈ వరస మారితే బొమ్మ అక్కడక్కడా మరకలు పడుతుంది. ఇంకో మాట, అంచనా లెక్కలో మాత్రం 256 దగ్గర చుట్టూ తిప్పకూడదు.

పదో రోజు

రంగు రకాలన్నీ పూర్తి చేశాను. పీఎన్‌జీ పరీక్షల కోసం విలెమ్ వాన్ షైక్ తయారుచేసిన పీఎన్‌జీ సూట్ అనే బొమ్మల సమితి ఉంది, ఎక్కువగా 32 పిక్సెల్స్ చదరాలు. ఈ ఫార్మాట్‌లో తప్పు చేయడానికి వీలున్న ప్రతి చోటా ఒక ఫైల్ పెట్టినట్టున్నాడు. ఒక ఫైల్‌లో డేటా చంకులన్నీ ఒక్కో బైట్ పొడవే. డేటా అన్ని చంకులనూ కలిపి ఒకే ప్రవాహంగా చూడకపోతే అక్కడే దొరికిపోతారు.

పాలెట్ అనే రంగుల జాబితా నుంచి రంగు తీసుకునే బొమ్మల్లో కొన్ని రంగులు మాయమైపోయాయి. పారదర్శకత పట్టిక పాలెట్ కంటే పొట్టిగా ఉండొచ్చు, మిగిలిన రంగులన్నీ పూర్తి అపారదర్శకం అనుకోవాలి. నా కోడ్ లేని అంకెను చదివి, కాన్వాస్ దాన్ని సున్నాగా తీసుకుంది.

పదకొండో రోజు

ఇప్పుడు అసలు పరీక్ష, బ్రౌజర్‌తో పోలిక. పారదర్శకత లేని బొమ్మలన్నీ కలిశాయి. 16 బిట్ల బొమ్మల్లో అక్కడక్కడా ఒక్క అంకె తేడా వచ్చింది. నేను పై బైట్ మాత్రం ఉంచి కింది బైట్ పారేస్తున్నాను. 257తో భాగించి దగ్గరి అంకె తీసుకోవడం ఎక్కువ ఖచ్చితం అని స్పెసిఫికేషనే చెబుతోంది, అలాగే మార్చాను.

సగం పారదర్శకంగా ఉన్న బొమ్మల్లో మాత్రం వందల పిక్సెల్స్ తేడా. రెండు రోజులు నా కోడ్‌నే అనుమానించాను. పోల్చే పద్ధతిలోనే లోపం ఉందని ఆ తర్వాత తెలిసింది. కాన్వాస్ లోపల రంగును పారదర్శకతతో గుణించి దాచుకుంటుంది. తిరిగి అడిగినప్పుడు భాగించి ఇస్తుంది, ఆ రెండు లెక్కల మధ్య అంకెలు అరిగిపోతాయి. పూర్తి పారదర్శకమైన పిక్సెల్‌లో ఏ రంగున్నా తిరిగొచ్చేది సున్నాలే. అందుకని రెండు బొమ్మలనూ తెలుపు మీద ఒకసారి, నలుపు మీద ఒకసారి పరిచి, ఆ ఫలితాలను పోల్చాను. తేడా ఒక్క అంకె దాటలేదు. దాన్ని ఒప్పుకున్నాను.

రంగు మీద సగం నీడ పడిన ఆ పరీక్ష బొమ్మ చూస్తూ ఉంటే ఈ ఫార్మాట్ చరిత్రలో నాకు బాధ కలిగించే భాగం గుర్తొచ్చింది. గిఫ్‌లో పిక్సెల్ అయితే కనపడుతుంది, లేకపోతే లేదు. పీఎన్‌జీ మొదటి నుంచీ 256 మెట్ల పారదర్శకత ఇచ్చింది, నీడలు, నున్నటి అంచులు అన్నీ దాని వల్లే. 1997లో నెట్‌స్కేప్ 4.04, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 పీఎన్‌జీని నేరుగా చూపించడం మొదలుపెట్టాయి కూడా. కానీ 2001లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6 విండోస్‌లో ఆ మెట్లను సరిగా చూపించలేదు, నీడ ఉండాల్సిన చోట బూడిదరంగు పలక కనిపించేది. వెబ్ పేజీలు చేసేవాళ్లు మైక్రోసాఫ్ట్ సొంత ఫిల్టర్ ఒకటి తగిలించి తిప్పలు పడేవాళ్లు. 2006 అక్టోబరులో ఎక్స్‌ప్లోరర్ 7 వచ్చాకే ఆ బాధ తీరింది. మాక్ కోసం చేసిన ఎక్స్‌ప్లోరర్ 5లో మాత్రం 2000లోనే ఇది పనిచేసింది. అంటే చేయలేని పని కాదు.

తారీఖులు పక్కపక్కన రాసుకుని చూశాను. గిఫ్ వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ మీద అమెరికా పేటెంట్ గడువు 2003 జూన్ 20న తీరింది. ఏ పేటెంట్ నుంచి తప్పించుకోవడానికి పీఎన్‌జీ పుట్టిందో ఆ పేటెంటే ముగిసిపోయి మూడేళ్లు దాటాక గానీ, అందరికంటే ఎక్కువమంది వాడుతున్న బ్రౌజర్‌లో పీఎన్‌జీ పూర్తిగా కనిపించలేదు. అనుమతి అడగక్కర్లేకపోవడం రాసేవాడికి తలుపు తెరుస్తుంది. చూసేవాడి దాకా బొమ్మ చేరాలంటే మధ్యలో ఉన్న ప్రోగ్రాం రాసినవాళ్లు కూడా పట్టించుకోవాలి.

పద్నాలుగో రోజు

ఇవాళ ఆడమ్ కాస్టెల్లో పేరు మీదున్న ఆడమ్7 అనే పిక్సెల్స్ అమరిక. బొమ్మ ఏడు విడతల్లో వస్తుంది. మొదటి విడతలో ప్రతి 8 అడ్డం, 8 నిలువు చదరానికి ఒక్క పిక్సెల్, అంటే మొత్తంలో 64వ వంతు. నెమ్మది లైన్ల రోజుల్లో మసకగానైనా బొమ్మంతా ముందే కనబడాలని పెట్టింది. ఒక్కో విడతనూ విడి చిన్న బొమ్మ అనుకుని ఫిల్టర్లు మొదటి నుంచి విప్పాలి.

పెద్ద బొమ్మలన్నీ మొదటిసారే వచ్చేశాయి. సూట్‌లోని 1 పిక్సెల్ నుంచి 9 పిక్సెల్స్ దాకా ఉన్న చిన్న బొమ్మల్లో సగం పాడయ్యాయి. వెడల్పు 4 లేదా అంతకన్నా తక్కువైతే రెండో విడతకు పిక్సెల్స్ ఉండవు. పిక్సెల్స్ లేనప్పుడు వరుస ముందుండే ఫిల్టర్ బైట్ కూడా ఉండదు. నేను దాన్ని చదివేస్తూ ఒక అడుగు ముందుకు జారిపోతున్నాను. ఒక్క షరతు చేర్చితే అన్నీ దారికొచ్చాయి.

పదహారో రోజు

కదిలే పీఎన్‌జీ ఫైల్ ఒకటి తెచ్చి, కోడ్‌లో ఏ మార్పూ చేయకుండా డీకోడర్‌కు ఇచ్చాను. మొదటి ఫ్రేమ్ చక్కగా వచ్చింది! యానిమేషన్ చంకుల పేర్లన్నీ చిన్న అక్షరంతో మొదలవుతాయి, నా కోడ్ వాటిని దాటేసి మామూలు డేటా చంకులు చదువుకుంది. రెండో రోజు చదివిన నియమం ఇన్నాళ్లకు నా కళ్లముందే పనిచేసింది. 2004లో ఈ పొడిగింపును ప్రతిపాదించింది ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాకు చెందిన స్టువర్ట్ పార్మెంటర్, వ్లాదిమిర్ వుకిచెవిచ్. 2007లో పీఎన్‌జీ బృందం దాన్ని తమ అధికారిక పొడిగింపుగా ఒప్పుకోలేదు. అయినా 2008లో ఫైర్‌ఫాక్స్ 3, 2014లో సఫారీ 8, 2017లో క్రోమ్ 59 దాన్ని తీసుకున్నాయి. 2025 జూన్ 24న వెలువడిన స్పెసిఫికేషన్ మూడో కూర్పులో అది అసలు పత్రంలోనే చేరింది. ఈసారి బ్రౌజర్లు ముందు నడిచాయి, పత్రం వెనక వచ్చింది.

ఫ్రేములు కదిలించడానికి ఒక పూట పట్టింది. ఫ్రేమ్ ఎంతసేపు ఉండాలో రెండు అంకెల భిన్నంగా ఇస్తారు. కింది అంకె సున్నా అయితే 100 అనుకోవాలి. నేను అనుకోలేదు, బొమ్మ మొదటి ఫ్రేమ్ మీదే కూర్చుండిపోయింది.

పందొమ్మిదో రోజు

సూట్‌లో ఎక్స్ అక్షరంతో మొదలయ్యే పేర్లున్న ఫైళ్లు కావాలని పాడుచేసినవి. వీటిని తెరవకపోవడమే సరైన జవాబు. ఒకదానిలో మొదటి బైట్ పై బిట్ తీసేశారు. ఒకదానిలో లైన్ ముగింపులు చేర్చారు. రెండిటినీ మొదటి ఎనిమిది బైట్లే పట్టేశాయి, మొదటి రోజు చదివిన కారణాలతోనే. ఐహెచ్‌డీఆర్ చెక్‌సమ్ తప్పున్నదాన్ని సీఆర్‌సీ ఆపింది. రంగు రకం 1 అని ఉన్న ఫైల్‌ను నా కోడ్ తెరిచేసింది. 0, 2, 3, 4, 6 తప్ప వేరే రకం లేదు, 1ని ఎక్కడా అడ్డుకోలేదు నేను. చేర్చాను. డేటా చంకే లేని ఫైల్‌కు ఖాళీ బొమ్మ గీసింది, దాన్నీ సరిచేశాను.

సాయంత్రానికి సూట్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి నడిపాను. మంచివన్నీ తెరుచుకున్నాయి, చెడ్డవన్నీ తిరస్కరించబడ్డాయి. పంతొమ్మిది రోజుల్లో ఎక్కడా ఎవరినీ అనుమతి అడగలేదు. పత్రంలో జవాబు దొరకని ప్రశ్న కూడా ఎదురవలేదు, దొరకనప్పుడల్లా నేనే ఒక పేరా సరిగా చదవలేదు.

గామా, అంటే తెర మీద వెలుగునీడలు సరిగా కనిపించేలా దిద్దే లెక్క, ఇంకా ముట్టుకోలేదు. ఫైల్‌లో గామా చంక్ ఉంటే రంగును దిద్దాలి. ఒకప్పుడు బ్రౌజర్లు బొమ్మను దిద్దేవి, పేజీ నేపథ్య రంగును దిద్దేవి కావు, ఒకే రంగు అనుకున్న రెండిటి మధ్య గీత కనిపించేది. గామా 45455 అని రాసున్న ఒక ఫైల్ తీసి పక్కన పెట్టుకున్నాను. రేపు దానితోనే మొదలు.